పురిటి గదిలో లూప్‌బ్యాక్

తొమ్మిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి అంతా బాగా అర్థమై బడి మానేశాను. ఆ చదువుకే ఇవాళ ఒక కంపెనీ నాకు ‘నెట్‌వర్క్ ఎగ్జిక్యూటివ్’ అని కార్డు కొట్టించి ఇచ్చింది. అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే, ఎండలో బండి మీద తిరిగేవాడని చెప్పాను. నా మెడ రంగు చూసి వెంటనే నమ్మింది.

కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. ఇళ్ళకూ దుకాణాలకూ ఇంటర్‌నెట్ ఇచ్చే చిన్న సంస్థ. మొదట్లో స్తంభాలెక్కి వైర్లు లాగేవాణ్ణి. మోకాళ్ళు మొరాయించాక కిందికి దించి చేతిలో ల్యాప్‌టాప్ పెట్టారు. అందరూ ప్రమోషన్ అన్నారు. స్తంభం మీద ఉన్నప్పుడు కనీసం గాలి తగిలేది.

మా ఫైబర్ వనపర్తిలో బయలుదేరి ఆత్మకూరు మీదుగా, జూరాల దాటి గద్వాల చేరుతుంది. గద్వాల నుంచి వేరే దారిలో మళ్ళీ కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తికే తిరిగొస్తుంది. ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నెట్ నడవాలని అలా గుండ్రంగా వేశారు. ఊరికో స్విచ్ ఉంటుంది. స్విచ్ అంటే గోడ మీది బటన్ కాదు, బల్లపరుపుగా ఉండే ఇనుప డబ్బా. దాని ముందు వైపు వరసగా రంధ్రాలు, రంధ్రానికో వైరు. ఆ రంధ్రాలను పోర్టులంటాం. ఊరి నెట్ అంతా ఆ డబ్బాలోంచే పోతుంది.

ఈ డబ్బాలను కనిపెట్టి ఉండే బోర్డు నాగర్‌కర్నూలు ఆఫీసులో ఒక టీవీ మీద కనిపిస్తుంది. ఒక్కో డబ్బాకు అంకెల్లో ఒక అడ్రసు ఉంటుంది, బోర్డు దాంతోనే పిలుస్తుంది. డబ్బా పలికితే పచ్చ, పలకకపోతే ఎరుపు. ఎరుపు కనబడగానే ఓనరు నాకు ఫోన్ చేస్తాడు. ఆయన మాట ఎప్పుడూ ఒకటే.

“పోయి చూసిరా.”

ఆత్మకూరు రోడ్డు వెడల్పు చేసే పనులు మొదలైనప్పటి నుంచి ఆ వైపు ఫైబర్‌ను జేసీబీలు వారం వారం తెంపేవి. తెగిన ప్రతిసారీ గద్వాల డబ్బా ఎర్రబడేది. నేను పెబ్బేరు మీదుగా బండేసుకుని వెళ్ళేవాణ్ణి. తీరా చూస్తే డబ్బా హాయిగా లైట్లు మినుకుమంటూ ఉండేది. జనానికి నెట్ పెబ్బేరు వైపు నుంచి వస్తూనే ఉండేది. మాకు మాత్రం అది పలకదు. బతికున్నదాన్ని బతికే ఉందని చెప్పడానికి నేను నది దాటి వెళ్ళాలి. “బతికే ఉన్నది సార్” అని ఫోన్ చేస్తే, “సరే, వచ్చెయ్” అనేవాడు ఓనరు. పెబ్బేరు సంత రోజైతే దారి పొడుగునా పశువుల వెనక బండిని కాళ్ళతో నెట్టుకుంటూ పోవాలి. వాటికీ నాకూ తేడా ఏమిటంటే, వాటిని సాయంత్రానికి ఎవరో ఒకరు కొనుక్కుని ఇంటికి తోలుకుపోతారు.

గద్వాలలో మా డబ్బా ఒక నేతపనివాళ్ళ ఇంటి మేడ మీద అద్దెకుంటుంది. కింద మగ్గాలు. పైన రెండే గదులు. ముందరి గది దాటుకుంటూ పోతే వెనక చిన్న గదిలో డబ్బా, దాని పక్కన బ్యాటరీ. ఆ ఇంటావిడను మొదటిరోజు పెద్దమ్మా అని పిలిచాను, అదే నిలిచిపోయింది. నేనెప్పుడు పోయినా తలుపు తీసేది ఆమే. ముద్ద నోట్లో పెట్టుకునే వేళకు పోయాను, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిన వేళకు పోయాను, ఇంట్లో చుట్టాలు చాపలు పరుచుకుని పడుకుంటే వాళ్ళ కాళ్ళ మీదుగా దాటుకుంటూ పోయాను.

“మళ్ల సచ్చిందా నీ డబ్బ?” అనేది.

“లేదు పెద్దమ్మా, బతికే ఉన్నది.”

“మరెందుకొస్తివి?”

నేను చెప్పులు విప్పి వెనక గదిలోకి పోయేవాణ్ణి.

ఒకసారి వెళ్ళేసరికి డబ్బా మీద గుడ్డ పరిచి వడియాలు ఆరబోసింది. డబ్బా పైభాగం ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కదా, ముసురు పట్టిన రోజుల్లో అంతకంటే మంచి చోటు ఆ ఇంట్లో ఇంకోటి లేదు. “దాన్ని ముట్టుకుంటే గద్వాల మొత్తం ఆగిపోతది పెద్దమ్మా. బ్యాంకులు ఆగుతయ్, దవాఖాన్ల ఆగుతది, పోలీసోళ్లు వచ్చి నన్ను ఒక్కన్నే పట్టుకపోరు” అని బెదిరించాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ డబ్బా మీద చెయ్యి వేయలేదు. ఊడ్చేటప్పుడు కూడా చీపురు దాని దగ్గరికి రాగానే పక్కకు తిరిగేది.

ఆమె ఒక్కగానొక్క బిడ్డను రాయచూరు వైపు ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ అమ్మాయి ముందరి గదిలో మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉండేది, నన్ను చూసి లేచి కూర్చునేది. నాకు సిగ్గేసేది. ఒకరోజు పెద్దమ్మే ఫోన్ చేసింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారట, ఆడపిల్ల. తల్లికి రక్తం తక్కువుందట, కుట్లు నొస్తున్నాయట, నిద్ర లేదట.

“ఇగ జెప్తున్న ఇను. ఎల్లుండి దవాఖానకెల్లి ఇంటికి తెస్తున్నం. కింద మగ్గాల సప్పుడు, దుమ్ము. పైన ముందటర్రల్నే పండవెడ్త. పురుడెల్లేదాక పరాయోళ్లు ఆ గడప తొక్కేది లేదు. నువ్వొస్తే నువ్వూ, మీ ఓనరొస్తే మీ ఓనరూ. నా బిడ్డ జర కన్ను మూసుకోవాలె.”

“మరి డబ్బ సంగతి పెద్దమ్మా?”

“దానికేమైతది? బతికే ఉంటది గదా.”

డబ్బా తీసి వేరేచోట పెట్టమని ఓనరును అడిగే పనే లేదు. ఊరి వైర్లన్నీ ఆ గదిలోకే వస్తాయి. ఆయన ‘పోయి చూసిరా’ అనడమూ మానడు. పచ్చి బాలింత మంచం పక్కనుంచి చెప్పులు చేత్తో పట్టుకుని, తల వంచుకుని పోతున్న నన్ను నేనే ఊహించుకుని చూశాను. అప్పటిదాకా నేను పెద్దగా దేనికీ సిగ్గుపడని మనిషిని. నాగర్‌కర్నూలులో ఉండే మా ఇంజనీరు మేడంకు ఫోన్ చేశాను.

ఆమె కల్వకుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. వయసులో నాకంటే చిన్నది. నేను మేడం అంటాను, ఆమె అన్నా అంటుంది. ఆ పూట సీటు దొరకలేదేమో, గొంతులోనే నిలబడ్డ అలసట తెలుస్తోంది.

“అన్నా, గద్వాల డబ్బకు మనం పెట్టిన అడ్రసు యాడున్నదో తెల్సా?”

“డబ్బల ఉన్నది.”

“డబ్బల లేదు. ఆత్మకూరు వైరు పెట్టే పోర్టు మీద ఉన్నది. ఆ వైరు తెగితే పోర్టు పండుకుంటది. పోర్టు పంటె అడ్రసు గూడ పంటది. డబ్బ లేసే ఉంటది గని, మనం పిలిచే పిలుపు దానికి చేరదు. గందుకే నువ్వు ఉర్కుతున్నవ్.”

“మరేం జెయ్యాలె?”

“లూప్‌బ్యాక్ పెట్టాలె. అది డబ్బ లోపట మనం రాసుకునే ఉత్త పోర్టు. దానికి రంధ్రం ఉండదు, వైరు ఉండదు. డబ్బకు కరెంటున్నంత సేపు అది లేసే ఉంటది. అడ్రసు దానికి పెడితే, ఆత్మకూరు దిక్కుకెల్లి పోయినా, పెబ్బేరు దిక్కుకెల్లి పోయినా దొరుకుతది.”

“ఇల్లు లేదు, వాకిలి లేదు, ఓటరు లిస్టుల పేరు మాత్రం ఉంటదన్నట్టు.”

“గంతే. అయితే పెట్టి ఊకుంటె సాలదు. ఈ అడ్రసు నా కాడ ఉన్నదని పక్క డబ్బలకు చాటియ్యాలె. అది రూటింగుల, అంటే దారుల లెక్కల, రాయాలె. రాసినంక కొత్త అడ్రసు మీదికెల్లి లాగిన్ అయ్యి చూడాలె. అది పలికినంకనే పాతది తియ్యాలె. ముందుగాల్నే తీసేవు, జర పైలం.”

“గింత సులువుదైతే ఇన్ని దినాలు ఎందుకు జెప్పలేదు మేడం?”

“పోయినేడు జెప్పిన. నువ్వు బండి మీదుంటివి. గాలికి ఇనవడ్తలేదంటివి.”

మర్నాడు పొద్దున్నే గద్వాల వెళ్ళాను. పెద్దమ్మ దవాఖానలో ఉంది, ఆమె భర్త తాళం తీసి మగ్గం మీదికి పోయాడు. ముందరి గది అప్పటికే పురిటి గది అయిపోయి ఉంది. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కారు. తలుపుకు వేపరెమ్మలు చెక్కారు. ఇక్కడో తిరకాసు ఉంది. డబ్బాకు చల్లగాలి కావాలి, బాలింతకు గాలి తగలకూడదు. వెనక గదిలో చిన్న టేబుల్ ఫ్యాన్ డబ్బా వైపు తిరిగి ఉంటుంది. ఆ గాలి ఇటు రాకుండా రెండు గదుల మధ్య పాత చీర అడ్డం కట్టారు. జరీ అంచు మాసిపోయిన గద్వాల చీర. ఆ ఇంట్లో అదే దొరుకుతుంది మరి.

చీర కింద నుంచి దూరి డబ్బాకు ల్యాప్‌టాప్ తగిలించాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. లూప్‌బ్యాక్ అని కొట్టి, పక్కన సున్నా కొట్టి, మేడం ఇచ్చిన అడ్రసు రాశాను. అంతే, పోర్టు పుట్టింది. అప్పటిదాకా లేనిది, ఎంటర్ నొక్కగానే ‘లేచి ఉన్నాను’ అని తెర మీద చెప్పింది. ఇన్నేళ్ళుగా ఏ వైరు కొత్తగా వేయాలన్నా గుంతలు తవ్వి, స్తంభాలెక్కి, మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. ఒక పోర్టు ఇలా కూర్చున్నచోటే, చెమట పట్టకుండా పుట్టడం చూస్తే సంతోషం కంటే ఎక్కువ కోపం వచ్చింది.

రూటింగ్‌లో రాయబోతుండగా కింద ఆటో ఆగింది. దవాఖానలో మంచాలు చాలక ఒకరోజు ముందే పంపేశారట. పెద్దమ్మ గొంతు మెట్ల మీద నుంచే వినిపించింది.

“ఎవరున్నరు పైన? చెప్పులు నీవేనా? లెవ్వు, లెవ్వు, బిడ్డ వస్తున్నది!”

“ఒక్క నిమిషం పెద్దమ్మా, ఊరికి చాటియ్యాలె.”

“ఏం చాటియ్యాలె ఊరికి? నా బిడ్డ కాన్పయిందని ఊరికి నువ్వు చాటిస్తవా? నడువ్!”

వైరు పీకి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. రూటింగ్ రాయలేదు. సేవ్ చేయలేదు. ఆ అమ్మాయి ఇద్దరి భుజాల మీద వేలాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. ముఖం సున్నం వేసిన గోడలా ఉంది. నన్ను చూసి, దారివ్వడానికి తనే పక్కకు జరగబోయింది. గోడకు అతుక్కుపోయాను. మిగతాది ఎలాగూ బయటి నుంచే చేయొచ్చు కదా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత వనపర్తిలో ఒక చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుని ఆ మిగతా పనికి దిగాను. పొద్దున్నుంచి ఆత్మకూరు దగ్గర తెగిన ఫైబర్ అతికిస్తూ ఎండలో కూర్చుని వచ్చాను. వెంట్రుకంత దారాన్ని ఇంకో వెంట్రుకంత దారంతో అతికించే పని. కళ్ళ ముందు సన్నటి గీతలు ఇంకా కదులుతున్నాయి. ఫోన్ నుంచి నెట్ తీసుకుని, పాత అడ్రసు మీద గద్వాల డబ్బాలోకి లాగిన్ అయ్యాను. మేడం చెప్పిన పనుల్లో రూటింగ్ రాయడం పొడుగ్గా ఉంటుంది, పాత అడ్రసు తీయడం ఒక్క వరసే. ముందు చిన్నది చేసేద్దాం అనిపించింది. లూప్‌బ్యాక్ అయితే పెట్టేశాను కదా. పాతది తీసేసి ఎంటర్ నొక్కాను.

తెర అక్కడే ఆగిపోయింది.

ఏ తలుపులోంచి లోపలికి వచ్చానో, లోపల నిలబడి ఆ తలుపునే తీసేశానని అర్థమయ్యేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. లూప్‌బ్యాక్ గద్వాల డబ్బాలో లేచే ఉంది, కానీ దాని సంగతి పక్క డబ్బాలకు ఎవరూ చెప్పలేదు. పెబ్బేరు వైపు నుంచి జనం నెట్ పోవడమే తప్ప మేం లాగిన్ అయ్యే దారి ఎప్పుడూ పెట్టుకోలేదు. గద్వాల జనానికి ఏమీ కాలేదు. నాకే అయింది. ఫోన్ మోగింది.

“గద్వాల ఎర్రగున్నది,” అన్నాడు ఓనరు. “పోయి చూసిరా.”

మేడంకు ఫోన్ చేశాను. ఆమె తిట్టలేదు.

“సేవ్ జేసినవా అన్నా?”

“ఏది సేవ్ జెయ్యలే. లూప్‌బ్యాక్ గూడ జెయ్యలే.”

“మంచిదే అయింది. నువ్వు అన్నీ సరిగ్గ జేసే మనిషివైతే ఇయ్యాల మునుగుతుంటిమి. డబ్బను ఒక్కసారి బందు వెట్టి మళ్ల చాలు జేస్తే, సేవ్ జెయ్యనిదంతా మర్చిపోతది. పాత అడ్రసు మళ్ల వస్తది. ఎవరన్న ప్లగ్గు పీకి పెట్టాలె, గంతే.”

ఎవరన్నా అంటే ఎవరు? పెద్దమ్మ భర్త పురుడు వెళ్ళేదాకా కింద మగ్గాల దగ్గరే ఉంటాడు. గడప అవతల ఉన్నది ఇద్దరే, పెద్దమ్మ, పచ్చి బాలింత. చంకలో పసిగుడ్డు.

గద్వాల చేరి మెట్ల కింద నిలబడి పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె మెట్ల పైకి వచ్చి నిలబడింది. జుట్టు రేగి ఉంది, భుజం మీద తడి గుడ్డ. ఇద్దరం కంటికి కనబడుతూనే ఫోన్లో గుసగుసగా మాట్లాడుకున్నాం, ఎందుకంటే పిల్ల అప్పుడే పడుకుంది.

“పైకి రాకు.”

“రాను పెద్దమ్మా. నువ్వే ఒక చిన్న పని జెయ్యాలె. డబ్బ ప్లగ్గు పీకి మళ్ల పెట్టాలె.”

“ఏందీ? చెయ్యి పెడితే గద్వాల మొత్తం ఆగుతదని నువ్వే చెప్తివి గదా!”

“ఆగుతది. జర సేపు ఆపాలె.”

“బ్యాంకులు?”

“ఆగనియ్యి.”

“పోలీసోళ్లు?”

“నన్నే పట్టుకపోమని జెప్త. నువ్వు పీకు పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత.”

ఆమె లోపలికి పోయింది. చీర పక్కకు తీసిన చప్పుడు ఫోన్లో వినబడింది.

“అగో, మూడు వైర్లున్నై. ఏది?”

“నల్లది.”

“అన్నీ నల్లగనే ఉన్నై కొడుకా.”

ఒకటి బ్యాటరీకి పోయేది, ఒకటి ఫ్యాన్‌ది, ఒకటి డబ్బాది. నేను కళ్ళు మూసుకుని ఆ మూల ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటుంటే, మంచం మీది నుంచి ఆ అమ్మాయి సన్నటి గొంతు వినబడింది.

“అమ్మా, నీకు తెల్వదు. ఆగు, నేనొచ్చి చూస్త.”

“లెవ్వకు!” అని కింద నుంచి నేనూ, పైన పెద్దమ్మా ఒకేసారి అరిచాం. పిల్ల లేస్తుందన్న భయం కూడా మరిచిపోయాం. మంచం కిర్రుమంది, ఆ తర్వాత ఆ అమ్మాయి “అబ్బా” అనడం వినిపించింది. కుట్లు లాగాయి. ఆమెను లేపకూడదనే ఈ లూప్‌బ్యాక్ మొదలుపెట్టింది. బండి మీద నేనే వచ్చి దాటుకుంటూ పోయినా ఆమెకు ఇంత కష్టం ఉండేది కాదు.

“పండుకో బిడ్డా, పండుకో,” అంటోంది పెద్దమ్మ. తర్వాత నాతో, “జెప్పు తొందరగ” అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు, అంత అలసిపోయింది.

“డబ్బ వెనకకెల్లి చెయ్యి పెట్టు. డబ్బల నుంచి బయటకొచ్చే లావు వైరు పట్టుకో. దాన్ని ఇడవకుండ చివరిదాక పో. ఏడ తేలితే ఆడ పీకు.”

మగ్గం మీద తెగిన పోగు ఎక్కడుందో చేత్తో వెతికి పట్టుకునే మనిషి. ఈ మాట ఆమెకు వెంటనే అర్థమైంది. క్షణంలో పీకేసింది.

డబ్బా ఆగింది. వీధిలో ఎవరో “నెట్ పాయె” అన్నారు. అప్పటిదాకా నేను భయపడింది వేరే సంగతికి. ఈ డబ్బా ఆరి మళ్ళీ లేచేటప్పుడు దాని లోపలి ఫ్యాన్లు కాసేపు విమానంలా హోరుపెడతాయి. ఆ హోరుకు పిల్ల లేస్తుందని నా భయం. కానీ జరిగింది ఇంకోటి. హోరు ఇంకా మొదలే కాలేదు, ఉన్న చప్పుడు ఆగిపోయింది, ఆ నిశ్శబ్దానికి పిల్ల కేర్ మంది. దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ ‘గుయ్’ మనే చప్పుడులోనే కళ్ళు మూసుకుంటోందట. అది ఆగేసరికి లేచి ఇల్లంతా ఎగరగొట్టింది.

“పెట్టు, పెట్టు పెద్దమ్మా!”

పెట్టింది. ఫ్యాన్లు విమానంలా అరిచాయి. పిల్ల మెల్లిగా గునిసి, గునిసి, ఊరుకుంది. ఈలోగా నా ఇంకో సిమ్‌కు గద్వాల అంతా ఫోన్లు చేస్తోంది. చేసిన ప్రతివాడికీ “వస్తది, వస్తది” అని చెప్పాను.

పాత అడ్రసు పలికింది. ఆ ఇంటి ముందరి అరుగు మీద కూర్చుని, ఎండ వైపు వీపు పెట్టి, ల్యాప్‌టాప్ మీద చేత్తో నీడ పట్టి మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేశాను. లూప్‌బ్యాక్ పుట్టించాను. అడ్రసు రాశాను. రూటింగ్‌లో రాశాను. పక్క డబ్బాలకు ఆ సంగతి తెలిసిందా లేదా అని ఆత్మకూరు డబ్బాలోకి పోయి చూశాను, పెబ్బేరు డబ్బాలోకి పోయి చూశాను. రెండింటికీ తెలిసింది. కొత్త అడ్రసు మీద లాగిన్ అయ్యాను. ఆ తర్వాతే పాతది తీశాను. తెర ఆగలేదు. సేవ్ కొట్టాను. నమ్మకం కుదరక ఇంకోసారి కొట్టాను. మేడంకు చెబితే, బోర్డు మీద కూడా పాత అడ్రసు తీసి కొత్తది పెట్టింది.

“ఇగ ఆత్మకూరు దిక్కు వైరు ఒకసారి పీకిచ్చి చూడన్నా,” అంది మేడం.

ఆత్మకూరులో ఉన్న మావాడికి చెప్పి పీకించాను. బోర్డు మీద తీగ తెగిన గుర్తు వచ్చిందట, గద్వాల మాత్రం పచ్చగానే ఉందట. వైరు మళ్ళీ పెట్టించాను. నాకు గంతులేయాలనిపించలేదు. ఆ అరుగు మీదే అడ్డంగా పడుకోవాలనిపించింది.

పెద్దమ్మ మెట్ల పైనుంచి తొంగిచూసింది. “అయ్యిందా?”

“అయ్యింది. చాయ్ పోస్తవా?”

“పురిటిల్లు. చాయ్ ఇయ్యరాదు. గల్లి కొసాకు పోయి తాగు.”

“అమ్మాయికెట్లున్నది?”

“కన్ను మూసింది ఇప్పుడే. నువ్వు ఫో ఇగ.”

పోయాను.

ఆ తర్వాత వారంలోనే జూరాల ఇవతల ఫైబర్ నిజంగానే తెగింది. మధ్యాహ్నం అన్నం తిని ఇంట్లో ఉన్నాను. ఫోన్ మోగగానే నా చెయ్యి తనంతట తానే బండి తాళం తీసుకుంది.

“ఆత్మకూరు లైన్ పోయింది,” అన్నాడు ఓనరు. “అతికియ్యనీకి మన ఆత్మకూరు పిలగాడు పోతుండు.” బోర్డు చూస్తున్నట్టున్నాడు. “గద్వాల పచ్చగనే ఉన్నది.”

“పోయి చూసి రావాల్నా సార్?”

“ఎందుకు? బతికే ఉన్నది గదా.”

ఫోన్ పెట్టేశాడు. తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అలా కూర్చోవడం నాకు అలవాటు లేదు. మా ఆవిడ వచ్చి, ఒంట్లో బాగాలేదా అని నుదురు ముట్టుకుని చూసింది. ఆ పూట నిద్రపోయాను. కలలో కూడా బండి నడపలేదు. గద్వాలలో ఆ చీర తెరకు ఇవతల, ఆ అమ్మాయి కూడా ఆ వేళకు పడుకునే ఉంటుందని లేచాక అనుకున్నాను.

పురుడు వెళ్ళాక పెద్దమ్మ భోజనానికి పిలిచింది. ఇల్లు కడిగి, సున్నం కొట్టి, కిటికీలు తెరిచారు. వాము పొగ వాసన మాత్రం గోడల్లోంచి ఇంకా పోలేదు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఒళ్ళో పిల్ల. ఈసారి నన్ను చూసి లేవలేదు, కూర్చున్నచోటు నుంచే తలూపింది. “లేవమంటె గూడ లేవను ఇగ, బేడ” అని, వద్దనడానికి అత్తగారి ఊరి కన్నడ మాట కలిపి నవ్వింది. చీర తెర అలాగే ఉంది. దాని వెనక డబ్బా తన మానాన తాను గుయ్ మంటోంది.

పెద్దమ్మ విస్తరి వేసి అన్నం పెట్టింది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు, ఇన్ని రోజుల రాత్రులన్నీ అక్కడే ఆగిపోయినట్టు. నా నోరు ఊరుకోదు కదా.

“చూసినవా పెద్దమ్మా, ఇన్ని దినాలు ఒక్కసారన్న నీ గడప తొక్కకుండ, బయటికెల్లే నడిపిచ్చిన డబ్బను.”

ఆమె పప్పు గిన్నె పట్టుకుని, నా ముందు వంగి, గరిటె విస్తట్లో బోర్లించింది.

“నువ్వు రాకుంటెనే అది మంచిగ నడుస్తదని మాకు ఎప్పుడో ఎరుకే కొడుకా. నీకు ఎరుకయ్యేతందుకే ఇన్నేండ్లు పట్టె.”